ఇంజిన్ మారింది.. బ్రేకులు మారలేదు!

పాత జీపులతో వాహనాలను లాగడంలో అసలు ప్రమాదం దిగువకే

పాడేరు: ఘాట్‌రోడ్డు మధ్యలో కారు మొరాయిస్తే మన్యంలో మొదట గుర్తుకొచ్చేది పాత జీపు. ఒకప్పుడు పెట్రోలుతో నడిచి, ఆనక డీజిల్ ఇంజిన్ బిగించుకుని, వెనుక ఇనుప కొక్కెంతో సిద్ధంగా ఉండే ఈ బండ్లు దశాబ్దాల పాటు ఏజెన్సీ రహదారులపై ఆపద్బాంధవుల పాత్ర పోషించాయి. బోలెరోలు, పికప్ వ్యాన్లు, చెడిపోయిన వాహనాన్ని వీపున మోసుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీలు వచ్చాక వీటి సంఖ్య తగ్గింది గానీ పూర్తిగా కనుమరుగు కాలేదు. పొడవాటి లారీ తిరగలేని ఇరుకు మలుపుల్లోనూ, గూడేలకు వెళ్లే మట్టిదారుల్లోనూ వీటి అవసరం ఇంకా తీరిపోలేదు.

డీజిల్ ఇంజిన్ బిగించిన జీపు ఎంతటి బరువునైనా లాగుతుందన్న పేరుంది. ఆ పేరులో కొంత నిజం ఉంది. కాని కొండ మీద చెడిపోయిన కారును లాగవలసింది సాధారణంగా పైకి కాదు, కిందికి. పెద్ద మరమ్మతులు చేసే షెడ్లు, కంపెనీల సర్వీసు కేంద్రాలు ఉన్నది మైదాన ప్రాంతంలో. పాడేరులో ఆగిపోయిన వాహనాన్ని ఘాట్ దించి మాడుగుల, చోడవరం మీదుగా అనకాపల్లికో విశాఖపట్నానికో చేర్చాలి. దిగే దారిలో లాగే శక్తితో పనేమీ ఉండదు. ఆపే శక్తితోనే పని. ఇంజిన్ మార్చినవారు ఆ సంగతి పట్టించుకున్నారా లేదా అన్నది ముందున్న డ్రైవరుకు, వెనుక కట్టిన కారులో కూర్చున్న మనిషికి ప్రాణాలతో కూడిన విషయం.

పెట్రోలు నుంచి డీజిల్‌కు..

మన దేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల బిగింపు ప్రారంభించింది. తరువాత ఇక్కడే తయారై ఊరూరా తిరిగిన సీజే-3బీ జీపులో హరికేన్ అనే పెట్రోలు ఇంజిన్ ఉండేది. సామర్థ్యం దాదాపు 2,200 సీసీ, శక్తి 70 హార్స్‌పవర్ పైమాటే. ముందుభాగం చదునుగా ఉండే ఎఫ్‌సీ-150 పికప్‌ను కూడా ఆ సంస్థ 1960ల నడుమ నుంచి తయారుచేసింది. బండి గట్టిదే. పెట్రోలు తాగడంలోనే దాని పేరు చెడింది. 1973-74 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర ఒక్కసారిగా ఎగబాకిన తరువాత అద్దెకు తిప్పుకునే జీపు యజమానులకు దానిని మేపడం తలకు మించిన భారమైంది. అదే కాలంలో డీజిల్ చవకగా దొరికేది. దాంతో పట్టణాల్లోని మెకానిక్ షెడ్లలో ఇంజిన్ మార్పిడి ఓ వృత్తిగానే స్థిరపడింది.

పాత ఇంజిన్ దించి దాని స్థానంలో పెట్టిన ఇంజిన్లు అనేకం. ట్రాక్టరు వంశానికి చెందిన 2,350 సీసీ మహీంద్రా డీజిల్ ఇంజిన్, 1980ల్లో వచ్చిన 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్, మెటాడోర్ వ్యాన్ల నుంచి తీసిన ఇంజిన్ వాటిలో ముఖ్యమైనవి. సైన్యం వేలంలో అమ్మిన జోంగాలు, నిస్సాన్ వన్‌టన్ పికప్‌ల కథ కూడా ఇంతే. జబల్‌పూర్‌లోని సైనిక వాహన కర్మాగారంలో తయారైన జోంగాకు ఆరు సిలిండర్ల, దాదాపు 4,000 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉండేది. వేలంలో కొనడం తేలికే గాని దానికి పెట్రోలు పోసి నడపడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. అందుకే కొన్నవారిలో చాలామంది ముందుగా వెతికింది డీజిల్ ఇంజిన్ కోసమే.

2010 జూన్‌లో పెట్రోలు ధరపైన, 2014 అక్టోబరులో డీజిల్ ధరపైన ప్రభుత్వ నియంత్రణ తొలగింది. రెండింటి ధరల మధ్య అంతరం తగ్గడంతో మార్పిడికి గల అసలు కారణమే బలహీనపడింది. అప్పటికే మారిన బండ్లు మాత్రం మిగిలాయి.

శక్తి పెరిగిందా, తగ్గిందా?

ఇంజిన్ మార్చితే బలం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 70 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్ స్థానంలో వచ్చిన ట్రాక్టరు తరహా డీజిల్ ఇంజిన్ శక్తి 40 హార్స్‌పవర్‌కు లోపే. కాగితం మీద ఇది దాదాపు సగానికి తగ్గినట్లు. అయినా బరువు కట్టినప్పుడు బండి హాయిగా కదలడానికి కారణం వేరు. డీజిల్ ఇంజిన్ తనకు కావలసిన తిప్పుబలాన్ని తక్కువ చుట్లలోనే అందిస్తుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి, క్లచ్ అరగదీయాల్సిన అవసరం ఉండదు. నింపాదిగా, ఎద్దు నడిచినట్లు నడుస్తుంది.

దీనికి మూల్యం వేగం. సీజే-3బీ వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ నిష్పత్తి 5.38. అంటే టాప్ గేరులో ఇంజిన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. నాడు వాడిన 16 అంగుళాల టైరు ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్లు పోతుంది. పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే గంటకు 100 కిలోమీటర్ల వేగం వస్తుంది. 3,000 చుట్ల దగ్గరే ఆగిపోయే డీజిల్ ఇంజిన్‌తో 75 కిలోమీటర్లు దాటదు. ఇది చాలక కొందరు తక్కువ నిష్పత్తి గల క్రౌన్ పినియన్ బిగిస్తారు. ఖాళీ బండికి వేగం వస్తుంది. కాని బరువు లాగే బండికి అది చేటు. ఎక్కేటప్పుడు క్లచ్ మీద, దిగేటప్పుడు బ్రేకుల మీద భారం ఆ మేరకు పెరుగుతుంది. లాగుడు పనికి వాడే జీపుకు పాత పళ్లచక్రాలే మేలు.

డీజిల్ ఇంజిన్ పెట్రోలు ఇంజిన్ కన్నా బరువు. పెట్రోలు ఇంజిన్ గాలిని ఏడోవంతుకు నొక్కితే, డీజిల్ ఇంజిన్ దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి దాని బ్లాకు మందంగా ఉంటుంది, అదురు కూడా ఎక్కువ. అందువల్ల ముందు కమాన్లకు అదనపు పట్టీ వేయాలి, ఫౌండేషన్ రబ్బర్లు మార్చాలి, పెద్ద బ్యాటరీ పెట్టాలి. శీతాకాలంలో లంబసింగి, చింతపల్లి వైపు తెల్లవారుజామున బండి తీయాలంటే హీటర్ ప్లగ్గులు పనిచేయాలి, బ్యాటరీలో సత్తువ ఉండాలి. ఇవి చేయకపోతే బండి కదలదు కాబట్టి ఎవరైనా చేస్తారు. చేయకపోయినా బండి కదిలే పనులనే వాయిదా వేస్తుంటారు. వాటిలో మొదటిది బ్రేకుల పని.

పాత బ్రేకుల సంగతి

ఆ కాలపు జీపుకు నాలుగు చక్రాలకూ తొమ్మిది అంగుళాల డ్రమ్ము బ్రేకులే. ఒంటరి జీపు, అందులో నలుగురు మనుషులు, వెనుక కొద్దిపాటి సామాను అన్న అంచనాతో చేసినవి. మాస్టర్ సిలిండర్‌కు ఒకే మార్గం ఉంటుంది. ఏ ఒక్క చక్రం వద్ద పైపు పగిలినా, వీల్ సిలిండర్ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇప్పటి వాహనాల్లో రెండు మార్గాలు ఉండడం వల్ల ఒకటి పోయినా రెండోది కాస్తయినా ఆదుకుంటుంది.

ఈ జీపుల హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు. గేరుబాక్సు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. షాఫ్టు జాయింటు విరిగినా, వెనుక ఇరుసులో యాక్సిల్ తెగినా హ్యాండ్‌బ్రేకు లాగి ప్రయోజనం శూన్యం. బరువు లాగే బండిలో తెగడానికి ఎక్కువ అవకాశం ఉన్న భాగాలు కూడా అవే.

బ్రేకు గట్టిగా ఉందని కొందరు వేరే వాహనం నుంచి వాక్యూమ్ బూస్టర్ తెచ్చి బిగిస్తారు. ఆలోచన మంచిదే. అయితే బూస్టర్ పనిచేయాలంటే శూన్యపీడనం కావాలి. పెట్రోలు ఇంజిన్‌లో అది గాలి పీల్చే గొట్టం నుంచి దానంతట అదే లభిస్తుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో ఆ గొట్టానికి మూత ఉండదు, కనుక శూన్యపీడనమూ ఉండదు. దానికోసం ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు ఉండాలి. మార్పిడిలో ఆ పంపు వదిలేసి బూస్టర్ ఒక్కటే బిగిస్తే బ్రేకు మరింత గట్టిపడుతుందే గాని మెత్తబడదు. పంపు ఉన్నా దాని బెల్టు తెగితే రెండు మూడు తొక్కుళ్లతో సాయం అయిపోతుంది.

బ్రేకు ఆయిల్ గురించి కూడా చెప్పుకోవాలి. డాట్-3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలే. మన్యంలో వర్షాకాలం సుదీర్ఘం, తేమకు కొదవ లేదు. ఆయిల్ తగ్గినప్పుడల్లా పైన పోస్తూ ఏళ్ల తరబడి పాతదాన్నే ఉంచితే, దిగుడులో అది మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు బ్రేకు పెడల్ నేలకు తగులుతుంది. డబ్బా ఖరీదు చూస్తే ఇంత నిర్లక్ష్యానికి అర్థం కనిపించదు.

దిగుడులో ఏం జరుగుతుంది?

డ్రైవరుతో కలిపి జీపు 1,300 కిలోలు, వెనుక కట్టిన కారు 1,500 కిలోలు అనుకుందాం. మొత్తం 2,800 కిలోలు. ఇరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే వాలులో ఈ రెండింటినీ కిందికి తోసే బలం 140 కిలోలు. టైర్ల ఒరిపిడి పోగా సుమారు వంద కిలోల తోపు నిరంతరం మిగులుతుంది. గేరు సాయం లేకుండా బ్రేకులతోనే దిగితే, ప్రతి 100 మీటర్ల ఎత్తు తగ్గేసరికి అయిదు లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి ఆ డ్రమ్ములలో పుడుతుంది. పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరమవుతుంది. లైనర్లు నున్నబడి పట్టు కోల్పోతాయి. డ్రైవరు మరింత గట్టిగా తొక్కుతాడు, వేడి మరింత పెరుగుతుంది.

దీనికి తరుణోపాయం గేరే. జీపులోని ఫోర్‌వీల్ పెట్టెలో ‘లో’ వేస్తే ఇంజిన్ పట్టు 2.46 రెట్లు పెరుగుతుంది. అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పాత మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరుకు సింక్రో ఉండదు. బండి దొర్లుతుండగా ఆ గేరు పడదు. పడేద్దామని ప్రయత్నిస్తే న్యూట్రల్‌లో చిక్కుకుని, ఉన్న పట్టు కూడా పోతుంది. కనుక ఏ గేరులో దిగాలో కొండ పైనే, బండి నిలిచి ఉండగానే నిర్ణయించుకోవాలి. రెండో చిక్కు డీజిల్ ఇంజిన్ వల్ల వచ్చింది. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదలగానే గాలి మార్గం మూసుకుపోయి ఇంజిన్ బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది. గాలి మూత లేని డీజిల్ ఇంజిన్‌కు ఆ పట్టు తక్కువ. పైగా దాని గవర్నరు ఇంధనాన్ని మాత్రమే నియంత్రిస్తుంది. వెనుక బరువు తోస్తూ ఉంటే చక్రాలే ఇంజిన్‌ను హద్దు దాటించి తిప్పుతాయి. వాల్వులు, కనెక్టింగ్ రాడ్లు విరిగేది అప్పుడే. ఇంజిన్ శ్రుతి మించుతోందని వినిపించినప్పుడు బ్రేకు కొద్దిసేపు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదలాలి. పొడుగునా కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములకు చల్లబడే వ్యవధి ఉండదు.

తాడా, కడ్డీయా?

తాడుతో కట్టి లాగడం చదును రోడ్డు మీద సరే. ఘాట్ దిగుడులో తాడు వదులైపోతుంది, వెనుక కారు ముందుకు దూసుకొస్తుంది. అప్పుడు జీపును ఆపేది జీపు బ్రేకులే, కారును ఆపేది కారు బ్రేకులే. కారు ఇంజిన్ ఆగి ఉంటుంది గనుక దాని బ్రేకు బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ పనిచేయవు. పెడల్ రాయిలా ఉంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం తీసేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఈ సంగతి తెలియని వ్యక్తిని, తరచూ కారు యజమాని కొడుకునో క్లీనరునో, వెనుక కూర్చోబెట్టడం మామూలైపోయింది.

1989 నాటి రోడ్డు నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉండేవి. లాగబడే వాహనంలో ఆ వాహనాన్ని నడిపే లైసెన్సు ఉన్న వ్యక్తి స్టీరింగ్ వద్ద ఉండాలి, లేదా దాని ముందు చక్రాలను క్రేనుతో నేలకు తగలకుండా ఎత్తి ఉంచాలి. రెండు బండ్ల మధ్య దూరం అయిదు మీటర్లు మించరాదు. తాడు ఇతరులకు స్పష్టంగా కనిపించాలి. వెనుక బండికి తెల్లని పలకపై 75 మిల్లీమీటర్ల ఎత్తు నల్లని అక్షరాలతో ‘ఆన్ టో’ అని రాసి తగిలించాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. ఈ నిబంధనల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చాయి. అయినా జాగ్రత్తపరులైన డ్రైవర్లకు ఈ కొలతలే ఇప్పటికీ గీటురాళ్లు.

నిజానికి ఘాట్‌లో ఆ 24 కిలోమీటర్లు కూడా ఎక్కువే. ఆ వేగంలో బండి సెకనుకు ఆరున్నర మీటర్లకు పైగా పోతుంది. తాడు అయిదు మీటర్లు. ముందు బండి హఠాత్తుగా ఆగితే వెనుక మనిషి కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఢీకొంటుంది. పది కిలోమీటర్ల వేగమైతే ఆ ఒక్క సెకనులో పోయేది మూడు మీటర్ల లోపే.

అందువల్ల దిగుడులో తాడు కన్నా ఇనుప కడ్డీ శ్రేయస్కరం. రెండు కాళ్ల ఆకారంలో ఉండే త్రికోణపు కడ్డీ అయితే వెనుక బండి పక్కలకు ఊగకుండా జీపు వెంటే తిరుగుతుంది. దానిని ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన కొక్కేనికే తగిలించాలి. బంపరుకు, కమాను పట్టీలకు, స్టీరింగ్ రాడ్లకు కట్టరాదు. వెల్డింగ్ అతుకు మీద మాత్రమే ఆధారపడిన కొక్కెం ఎంత కొత్తగా కనిపించినా నమ్మదగినది కాదు. కడ్డీతో పాటు వదులుగా ఓ గొలుసు కూడా వేయడం మంచిది. కడ్డీ పిన్ను జారినా కారు లోయ వైపు పోకుండా అది పట్టి ఉంచుతుంది. కడ్డీ ఉన్నా జీపు కన్నా బరువైన వాహనాన్ని ఘాట్ దించకూడదు. మలుపులో వెనుక బరువు జీపు తోకను పక్కకు తోసేస్తుంది.

కట్టే ముందు కారు రకం కూడా తెలుసుకోవాలి. వెనుక చక్రాలతో నడిచే పాత బండ్లను చాలా దూరం లాగేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పడం పరిపాటి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గేరుబాక్సులో నూనె సరిగా చిమ్మదు, బేరింగులు ఎండిపోతాయి. ఆటోమేటిక్ గేర్ల కార్లను, విద్యుత్ కార్లను నడిచే చక్రాలు నేలపై ఉండగా లాగనే కూడదు. వాటికి ఫ్లాట్‌బెడ్ తప్ప మార్గం లేదు.

జీపు వెనుక ట్రాలీ కట్టి కాఫీ బస్తాలో పసుపో దింపేవారికీ ఇదే వర్తిస్తుంది. బ్రేకులు లేని ట్రాలీ అంటే చెడిపోయిన కారు కన్నా అధ్వానం. బరువులో పదో వంతు కొక్కెం మీద పడేలా సరుకు ఇరుసుకు కాస్త ముందుగా సర్దాలి. వెనక్కు సర్దితే ట్రాలీ పాములా మెలికలు తిరుగుతుంది.

సి-బుక్కులో ఏముంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కొన్ని మినహాయింపులు తప్ప, ఇంజిన్ మార్పిడికి రవాణా శాఖ అనుమతి, సి-బుక్కులో నమోదు తప్పనిసరి. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పునిచ్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పునకూ యజమానికి ఆరు నెలల వరకు జైలు, రూ.5 వేల జరిమానా లేదా రెండూ విధించే వీలు కలిగింది.

దశాబ్దాల క్రితం మార్పిడి చేయించి, అప్పుడే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపి ఇంధనం గడిలో ‘డీజిల్’ అని, కొత్త ఇంజిన్ నంబరుతో సహా రాయించుకున్నవారికి చిక్కు లేదు. సమస్యంతా ఇంకా పెట్రోలు అనే ఉన్న పుస్తకాలతోనే. అలాంటి జీపు ప్రమాదానికి కారణమైతే బీమా పరిహారం వద్దనే వివాదం మొదలవుతుంది. వెనుక కట్టిన కారు దెబ్బతిన్నా అంతే. కొనేవారు బేరమాడక ముందే ఇంజిన్ బ్లాకుపై చెక్కిన నంబరును పుస్తకంతో పోల్చి చూసుకోవాలి. సొంత వాడకానికి నమోదైన తెల్లబోర్డు జీపును డబ్బు తీసుకుని లాగుడు పనికి వాడడం మరో ఉల్లంఘన.

పదిహేనేళ్లు దాటిన సొంత వాహనానికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. కార్ల తరగతిలో ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5 వేలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు. ఇక్కడ చెప్పుకుంటున్న జీపులన్నీ ఆ వయసు ఎన్నడో దాటినవే. పాత జీపు యజమానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయినా అంత చెల్లించి కాగితాలు సరిచేసుకున్నవారు నాలుగు బ్రేకు పైపులు, మాస్టర్ సిలిండర్ కిట్టు, లైనర్లు మార్పించడానికి వెనుకాడడం విడ్డూరం. వీలున్నవారు రెండు మార్గాల మాస్టర్ సిలిండర్ వేయించుకుంటే మరీ మంచిది.

పాడేరు ఘాట్‌లో మోదకొండమ్మ అమ్మవారి పాదాల వద్ద వాహనాలు ఆపి మొక్కుకోవడం ఆనవాయితీ. వెనుక మరో బండిని కట్టుకుని దిగుతున్నవారు ఆ ఆగిన వ్యవధిలోనే జీపు దిగి నాలుగు చక్రాల దగ్గరా చేయి చాపి వేడి చూసుకోవాలి. మాడు వాసన వస్తున్నా, డ్రమ్ము దగ్గర చేయి నిలవకపోయినా నీళ్లు పోయకూడదు, డ్రమ్ము పగులుతుంది. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజిన్ ఆపి, డ్రమ్ములు వాటంతట అవి చల్లారేదాకా అక్కడే ఆగాలి. దానికి అరగంట పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు.